హెబెర్ కుక్కలు, ఓదిలా కాళ్లు

ఆ ఇంట్లో తెల్లారాలంటే ముందు ఓదిలా మోకాళ్లకి తెల్లారాలి. మంచం అంచున కూర్చుని రెండు చేతులతో వాటిని రుద్దుకుంటూ, "లేవండమ్మా, లేవండి. మీరు లేస్తేగానీ ఇల్లు లేవదు" అని బతిమాలుకుని, అప్పుడు నేలమీద పాదం మోపేది. పొయ్యి రాజేసి, కెటిల్ ఎక్కించి, నీళ్లు కాగేలోగా మొగుణ్ణి లేపేది. హెబెర్ భారీ మనిషి. పక్షవాతం వచ్చాక కుడిపక్కంతా తడిసిన ఉన్నిమూటలా బరువెక్కింది. ఆ మూటని ఎత్తి, తుడిచి, పొడిబట్టలు తొడిగి, కిటికీ దగ్గర కుర్చీలో కుదేసేసరికి బయట గడ్డిమీద మంచు గడ్డకట్టి ఉన్నా ఆమె వీపంతా చెమటే.

అప్పటికి కొట్టంలో కుక్కలు మొదలుపెట్టేవి. చిన్నది గొలుసు తెంపుకునేలా ఎగిరేది. ముసలిది అరిచేది కాదు. తలుపు సందులో ముక్కు పెట్టి, ఎవరొస్తారా అని చూసేది. వచ్చింది ఓదిలా అని తెలియగానే ముక్కు వెనక్కి తీసుకునేది.

హెబెర్ బతుకంతా కౌజు పిట్టల చుట్టూ తిరిగింది. మా వైపు చలి మొదలయ్యే మే నెలలో వేట తెరిచిన దగ్గర్నుంచి చలికాలం పోయేదాకా, రాజధాని నుంచీ సముద్రం అవతల ఇటలీ నుంచీ తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్లని కుక్కల వెనక నడిపించడం అతని పని. మేపుబీళ్లలో ఏ వాలున పిట్ట పొద్దున ఎండ కాచుకుంటుందో, ఏ గడ్డిదుబ్బులో మధ్యాహ్నం నక్కుతుందో అతనికి తెలిసినట్టు మా కొండవార ఇంకెవరికీ తెలియదని పేరు. ఓదిలా ఆ వచ్చినవాళ్లందరికీ వండిపెట్టింది. ఆమె చూసిన వేటంతా పొయ్యి ముందరే. పిట్ట గిన్నెలోకి వచ్చాకే ఆమెకి పరిచయం.

రెండేళ్ల కిందట, గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో, కుక్కలకి తిండి పెడుతూ పెడుతూ హెబెర్ కొట్టంలోనే కూలిపోయాడు. ముసలి కుక్క కపితాన్ ఆగకుండా మొరిగితే వెళ్లి చూసింది ఓదిలా. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేటప్పటికి అతని దగ్గర మాటలన్నీ పోయి ఒకే ఒక్క తిట్టు మిగిలింది. "కడుపు కాల!" ఆకలేస్తే అదే, వాన పడితే అదే, తమ్ముడు అదెమార్ వస్తే అదే. మొదట్లో ఓదిలా ఏడ్చింది. తర్వాత ఏ "కడుపు కాల"కి ఏ అర్థమో కనిపెట్టడం నేర్చుకుంది. చలేస్తే గొంతు కింది నుంచి వచ్చేది. నవ్వొస్తే మధ్యలో తెగేది.

అదెమార్ ఆదివారం ఆదివారం వచ్చేవాడు. పెళ్లి లేని మనిషి, మోటారు బండి మీద పాలకేంద్రానికి పాలు చేరవేసే ఉద్యోగం. వచ్చి మాతే బుర్ర పట్టుకుని కూర్చుంటే, ఆ చేదు కషాయం పీల్చుకుంటూ ఓదిలాకి సలహాలు చెప్పడం అతనికి సరదా.

"వదినా, నా మాట విను. ముసలిదానికి పెట్టే తిండి దండగ, పిల్లదానికి చెప్పే బుద్ధి దండగ. రెండూ ఎవరికైనా ఇచ్చి పారెయ్."

"ముసలిదాన్ని ఎవడు తీసుకుంటాడు? నువ్వు తీసుకుంటావా?"

"నాకెందుకు? నన్ను చూసుకోడానికే ఎవరూ లేరు."

"మరి చిన్నదాన్ని తెచ్చి ఇచ్చిందెవరు? నువ్వు కాదూ? మంచి జాతి, అన్నకి పనికొస్తుంది అని సంచిలో వేసుకుని తెచ్చావు. తెచ్చిన నెలకే అన్న మంచాన పడ్డాడు. అదీ నీ చేతి మహిమ."

"కడుపు కాల!" అన్నాడు హెబెర్ కిటికీ దగ్గర్నుంచి. మధ్యలో తెగింది. అంటే నవ్వాడన్నమాట.

చిన్నదాని పేరు మోస్కా, అంటే ఈగ. తెల్లటి ఒంటిమీద నల్లచుక్కలు చల్లినట్టు ఉంటుందని హెబెర్ పెట్టాడు. పేరు పెట్టాడు గానీ, నేర్పడానికి అతనికి తీరిక దొరకలేదు. నేర్పేవాడు లేని వేటకుక్క ఖాళీగా ఉండదు, తన వేట తనే వెతుక్కుంటుంది. మొదట కోళ్లు. తర్వాత పిచ్చికలు. ఒకరోజు గొలుసు జారిపోయి కంచె దూకి పక్క ఆసామి ఎలాదియో బీట్లోకి పోయి, అతని గొర్రెల్ని నీలగిరి తోపు దాకా తరిమింది. కరవలేదు గానీ, తరమడమే చాలు. మా వైపు గొర్రె రక్తం రుచి చూసిన కుక్కకి ఇక బతుకులేదు.

ఆ సాయంత్రం ఎలాదియో గుర్రం మీద వచ్చాడు. దిగలేదు. ఎండిన చెక్కలాంటి మనిషి, మాట కూడా అలాంటిదే.

"ఓదిలామ్మా, హెబెర్ మీద గౌరవం కొద్దీ ఒక్కసారి చెప్పి పోదామని వచ్చా. ఇంకోసారి నీ కుక్క నా మందలో కనబడితే నిన్ను అడగను. పేల్చేస్తా."

"కట్టేస్తాను, దోన్ ఎలాదియో."

"కట్టేస్తే సరిపోదమ్మా. దానికి పని చెప్పాలి. పనిలేని కుక్కా, పనిలేని మనిషీ ఒకటే."

అతను వెళ్లిపోయాక ఓదిలా గుమ్మంలో కూర్చుండిపోయింది. పనిలేని కుక్కకి పని చెప్పాలట. ఎవరు చెప్పాలి? పనులన్నీ మోస్తున్న మనిషే ఇంకో పని ఎత్తుకోవాలి. కానీ గొలుసుకి కట్టిన మోస్కా రాత్రీ పగలూ ఏడుస్తుంటే, ఆ ఏడుపు వింటూ హెబెర్ ఒక చేత్తో కుర్చీని గుద్దుతుంటే, నాలుగో రోజుకి ఆమె మొగుడి తుపాకీ దించింది. చిన్నప్పుడు నాన్న మొక్కజొన్న చేలో చిలకల్ని బెదరగొట్టడానికి పేల్చిన చేయి. తుపాకీ కొత్త కాదు. నడకే కొత్త.

ఆ మొదటి రోజు గురించి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మోస్కా తాడు లాగి ఆమెని రెండుసార్లు బోర్లా పడేసింది. కపితాన్ అసలు రానేలేదు. గేటు దగ్గర కూర్చుని ఇంటివైపు చూస్తూ ఉండిపోయాడు. తుపాకీ వెళుతోంది గానీ తుపాకీ మనిషి రావడం లేదు. మరి ఇదేం వేట అన్నట్టు.

"నాకూ ఇష్టమై కాదురా, ముసలోడా," అంది ఓదిలా. "ఆయన రాడు. ఇక రాడు. వస్తే రా, లేకపోతే అక్కడే పడుండు."

పది రోజులో పన్నెండు రోజులో అలా గడిచాక, ఒక పొద్దున ఆమె గేటు దాటి వెనక్కి చూస్తే కపితాన్ వెనకాలే వస్తున్నాడు. కాళ్లు ఈడ్చుకుంటూ, ఆమె ముఖం చూడకుండా, పక్కదారిన పోతూ కలిసినవాడిలా.

ఆరోజు నుంచి ఓదిలా నేర్చుకున్నదంతా ఆ ముసలివాడి దగ్గరే. గాలికి ఎదురుగా నడవాలని అతనే చూపించాడు. వాసన దొరికిన చోట అతని నడక మారేది; వేగం తగ్గేది, మెడ ముందుకు సాగేది, ఒక ముందరికాలు మడిచి, తోక కర్రలా బిగించి నిలబడిపోయేవాడు. ఇక ఈ లోకంలో గడ్డిదుబ్బుకీ అతని ముక్కుకీ మధ్య తప్ప ఏమీ లేదన్నంత నిశ్చలంగా. ఓదిలా పక్కనుంచి ముందుకి నడిస్తే, కాళ్లకింద బాంబు పేలినట్టు పిట్ట లేచేది. ఆమె పేల్చేది. ఎక్కువసార్లు తప్పేది. తప్పినప్పుడల్లా కపితాన్ కూర్చుని ఆమెవైపు చూసేవాడు. కోపం కాదు. సంతలో తూకం తగ్గించిన కొట్టువాణ్ణి చూసినట్టు.

"చూడకు నన్నలా," అనేది ఆమె. "నీ యజమాని ఎన్ని తప్పాడో నాకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పేవాడు కాదంతే."

మోస్కా మాత్రం నిలవనే నిలవదు. ముసలివాడు వాసన పట్టి నిలబడితే, వెనకాల తనూ నిలబడాలి. మర్యాద తెలిసిన కుక్కలు అలాగే చేస్తాయి. ఇది అతని పక్కనుంచి దూసుకుపోయి పిట్టని లేపి, అది కనుమరుగయ్యేదాకా వెంటబడేది. నాలుక వేలాడేసుకుని, ఎంతో ఘనకార్యం చేసినట్టు తిరిగొచ్చేది. ఓదిలా తాడు కట్టింది, తాడుకి చెక్కముక్క కట్టింది, తిట్టింది, బుజ్జగించింది. ఏం చేసినా సాయంత్రానికి మనిషి అలసిపోయేది గానీ కుక్క కాదు. ఒక్క మేలు మాత్రం జరిగింది. బాగా పరుగెత్తిన రోజు మోస్కా ఏడవకుండా నిద్రపోయేది. గొర్రెల ఊసు మరిచింది.

దొరికిన ఒకటీ అరా పిట్టతో ఓదిలా పలచని రసం కాచేది. అప్పటికి హెబెర్ ఏదీ మింగడం లేదు. చెంచా నోటి దగ్గర పెడితే తల తిప్పుకునేవాడు. ఆ రసం మాత్రం తాగాడు. తాగి, చెంచా పట్టుకున్న ఆమె చేతినే కాసేపు చూశాడు. తుమ్మముళ్లు గీరుకుపోయిన చెయ్యి. ఇక ఆమెకి తప్పించుకునే దారి మూసుకుపోయింది. కుక్క కోసం మొదలైన నడక మొగుడి నోటికోసం అయింది.

అలా ఒక చలికాలం పోయింది. రెండో చలికాలానికి కపితాన్‌కి చెవులు పోయాయి, వెనక కాళ్లు వణకసాగాయి. పశువుల డాక్టరు చూసి, "ఇంట్లో ఉంచండమ్మా, పన్నెండేళ్లవాడు, చాలు" అన్నాడు. ఉంచింది. తలుపు గీకి గీకి గోళ్లు రక్తాలు చేసుకున్నాడు. మర్నాడు వదిలేసింది.

జూన్ నెల నడుమ ఒక ఆదివారం. ముందురోజు కురిసిన మంచు అలాగే ఉంది, దానిమీద పొగమంచు. ఎప్పుడూ వేటకి రానివాడు అదెమార్ ఆరోజు తోడొస్తానన్నాడు.

"నీకెందుకు మరిదీ, నీ బూట్లు తడుస్తాయి."

"నా వదిన తుపాకీ పట్టుకుని తిరుగుతోందని ఊళ్లో నన్ను ఆడిపోసుకుంటున్నారు. 'నువ్వు పాలడబ్బా మోస్తావు, ఆవిడ తుపాకీ మోస్తుంది, మీ ఇంట్లో మగాడెవరు' అంటున్నారు."

"ఏం చెప్పావు?"

"ముసలి కుక్క అని చెప్పా."

మొదటి వాలు దిగేదాకా బాగానే సాగింది. తర్వాత పొగమంచు చిక్కబడింది. మోస్కా ఎడమకి పోయింది, తాడు చెక్కముక్కతో సహా. దాన్ని కేకలేసి, వెతికి వెనక్కి తెచ్చేసరికి కపితాన్ కనబడలేదు. పిలిస్తే వినపడని కుక్కని ఏమని పిలవాలి? ఆ వాలంతా మోకాలెత్తు గడ్డిదుబ్బులు. తెల్లటి గడ్డిలో తెల్లటి పొగ, అందులో తెల్లటి కుక్క. ఇద్దరూ చెరోపక్కన వెతికారు. వాగు గట్టుకి వెళ్లి చూశారు. పాత ఇటుకబట్టీ గుంటలోకి తొంగిచూశారు. ఎండ ఎక్కి పొగ పలచబడేదాకా తిరిగారు.

"వదినా," అన్నాడు అదెమార్ మెల్లగా, "వేటకుక్కలు కొన్ని అలాగే పోతాయట. ఇల్లు దాటి, ఎవరికీ కనపడకుండా. అది దానికి మర్యాద."

ఓదిలా ఒక బండమీద కూలబడింది. మోకాళ్లు మండుతున్నాయి. మోస్కా తాడు చేతిలోంచి జారింది, పట్టుకోలేదు. కూర్చున్నాక, ఎక్కడినుంచో ఒక ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. పోతే పోనీ. ఒక్కటి తగ్గింది. ఎత్తాల్సినవి, తుడవాల్సినవి, తినిపించాల్సినవి ఉన్నవాటిలో ఒకటి తగ్గింది.

ఆ ఆలోచన ఆమెకి కొత్త కాదు. అంతకుముందు వారం, తెల్లవారు జామున హెబెర్ ఊపిరి ఒకటి పోయి రెండోది రావడానికి ఆలస్యమైనప్పుడు, చీకట్లో కళ్లు తెరుచుకుని ఆమె కదలకుండా పడుకుంది. పిలవలేదు. తట్టలేదు. రెండో ఊపిరి వచ్చింది. వచ్చాక తనకి కలిగింది సంతోషమో ఇంకేదో తేల్చుకోలేక, తేల్చుకోకుండానే లేచి పొయ్యి రాజేసింది. ఇప్పుడు బండమీద ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. శబ్దం లేకుండా, భుజాలు మాత్రం ఊగేలా. అదెమార్ బూట్లు చూసుకుంటూ పక్కన నిలబడ్డాడు. కాసేపటికి, "ఏడ్చెయ్ వదినా," అన్నాడు. "ఎవరికీ చెప్పన్లే."

అప్పుడే తీతువులు అరిచాయి. తీతువు ఊరికే అరవదు. అదెమార్ తలెత్తి చూసి, "అమ్మో!" అన్నాడు.

పొగ తెర తొలిగిన చోట, కంచె అవతల, ఎలాదియో బీడు. పల్లంలో మంద ఒదిగి నిలబడి ఉంది. మందకి కాస్త ఇవతల, తాడు వేలాడేసుకుని, మోస్కా. మెడ సాగదీసి, ఒళ్లు బిగించి, గొర్రెలవైపే చూస్తున్నట్టు. దూకబోయే ముందు కుక్క ఎలా ఉంటుందో అలా ఉంది. దిన్నెమీద గుర్రం. గుర్రంమీద ఎలాదియో. అతని ఒళ్లో తుపాకీ.

"దోన్ ఎలాదియో! ఆగండి!" అని గొంతు చించుకున్నాడు అదెమార్. గాలి ఎదురు. వినిపించిందో లేదో.

ఓదిలా ఎలా లేచిందో ఆమెకే తెలియదు. కంచె తీగల మధ్య దూరింది, గౌను ముల్లుకి పట్టుకుంటే చింపుకుని పోయింది. పరుగంటే పరుగు కాదు, పడుతూ లేస్తూ నడక. చేతులు రెండూ పైకెత్తి, ఒక చేతిలో తుపాకీ, ఎలాదియోకీ కుక్కకీ మధ్యకి పోవాలని చూసింది. దగ్గరయ్యేకొద్దీ ఏదో తేడాగా అనిపించింది. మోస్కా వణకడం లేదు. గొర్రెలు కూడా బెదరడం లేదు, మేస్తున్నాయి. కుక్క చూపు మందమీద కాదు, దానికి బాగా ఇవతల, ఒక గడ్డిదుబ్బుమీద.

ఆ దుబ్బు మొదట్లో కపితాన్ పడుకుని ఉన్నాడు.

చచ్చిపోయాడనుకుంది. కాదు. వెనక కాళ్లు కూలిపోయి పొట్ట నేలకి ఆనింది, పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. కానీ మెడ నిటారుగా ఉంది. ముక్కు ముందున్న గడ్డిలోకి గురిపెట్టి ఉంది. తోక నేలమీదే పడి, అయినా కర్రలా బిగిసి ఉంది. వాసన పట్టాడు. నిలబడటానికి కాళ్లు లేక, పడుకునే నిలిపాడు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో. మీసాలమీద మంచు కరిగి బొట్లు కట్టింది.

అతని వెనక, ఎవరూ చెప్పకుండా, పట్టుకున్నవాళ్లు లేకుండా, ఈగ నిలబడి ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క క్షణం నిలకడ ఎరగని కుక్క, ముసలివాడిని దాటి పోకుండా నిలబడి ఉంది.

ఓదిలా వెనక్కి చూస్తే ఎలాదియో తుపాకీ కిందికి దించి ఉన్నాడు. ముందుకి ఇంకో రెండడుగులు వేసింది. పిట్ట లేచింది. ఆ చప్పుడికి చచ్చినవాడైనా లేస్తాడు. పేల్చింది. ఎలా తగిలిందో తగిలింది. కౌజు గాల్లో ముడుచుకుని, దూరంగా గడ్డిలో పడింది.

అక్కడితో మోస్కా మర్యాద అయిపోయింది. ఒక్క దూకులో పోయి పిట్టని నోట కరుచుకుని, తేవడానికి బదులు, మంద చుట్టూ, అదెమార్ చుట్టూ, ఎలాదియో గుర్రం చుట్టూ పరుగే పరుగు. అదెమార్ దాని వెంటబడి, తడిగడ్డిలో జారి, పడ్డాడు. "నీ జాతి మండా! ఇలా ఇవ్వవే! ఇవ్వవే దొంగముండా!" పిట్ట ఓదిలా చేతికి వచ్చేసరికి సగం నమిలేసి ఉంది.

ఎలాదియో గుర్రం దిగాడు. ఓదిలా కపితాన్ పక్కన మోకరిల్లి ఉంది. ముసలివాడు ఇప్పుడు తల కూడా నేలకి ఆనించాడు. లేవలేడు.

"మందలో కుక్క ఉందని మా వాడు చెబితే వచ్చా," అన్నాడు ఎలాదియో. "దిన్నెమీద కాసేపు నిలబడ్డా. గురి పెట్టా కూడా. కదిలితే పేలుద్దామని. అది కదల్లేదు. ఇదేంటి, గొర్రెకోసం వచ్చిన కుక్క ఇంతసేపు కదలదేంటి అనుకున్నా."

ఓదిలా చిరిగిన అంచు దగ్గరికి లాక్కుంది. "గౌను చిరిగింది," అంది.

"చిరుగుద్ది మరి. కంచె దూరితే చిరగదా?" కాసేపు ముసలి కుక్కని చూసి, కంబళి విప్పాడు. "గేటు ఉందిగా. ఇకనుంచి గేటు తీసుకుని రా. పల్లంలో పిట్టలున్నాయి. ఎవరూ రావడం లేదు. రేయ్ అదెమార్, పడింది చాలు, లేచి ఇటు చెయ్యి వెయ్యి."

ముగ్గురూ కలిసి కపితాన్‌ని కంబళిలో చుట్టి జీనుమీదకి ఎక్కించారు. ఎలాదియో కళ్లెం పట్టుకుని నడిచాడు. అదెమార్ ఒకపక్క కుక్కని పట్టుకున్నాడు. ఓదిలా గుర్రం తోక వెనక నడిచింది. ఆ దారంతా మోస్కా కూడా అలసిపోయి తాడు ఈడ్చుకుంటూ వచ్చింది.

కిటికీ దగ్గర హెబెర్ చూశాడు. పరాయి గుర్రం, జీనుకి అడ్డంగా కంబళి, కంబళిలోంచి వేలాడే తెల్లటి కాళ్లు. చూసి, నోరు తెరిచాడు. తిట్టు కూడా రాలేదు. ఓదిలా తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

"ఉన్నాడు, ఉన్నాడు. చావలేదు. అలసిపోయాడు. వినపడుతోందా? అలసిపోయాడంతే, నాలాగే."

ఆమె వంటింట్లోకి కుక్కలు రావడం ఎన్నడూ లేదు. పెళ్లయిన కొత్తలోనే, "నీ కుక్కలు గుమ్మం దాకానే" అని తేల్చి చెప్పింది; హెబెర్ ఆ మాట దాటలేదు. ఇప్పుడు తనే గోనెపట్టా పరిచి, కపితాన్‌ని పొయ్యి పక్కన, హెబెర్ కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. ముసలివాడు ముక్కు ఎత్తి ఆ చెప్పుల్ని వాసన చూశాడు. చూసి, గడ్డం వాటిమీద ఆనించి, పెద్దగా నిట్టూర్చాడు. హెబెర్ ఎడమచెయ్యి కిందికి దించాడు. అందలేదు. ఓదిలా కుర్చీ కాస్త పక్కకి జరిపింది. అందింది.

ఎలాదియో మాతే తాగకుండానే వెళ్లిపోయాడు, గొర్రెలున్నాయంటూ. అదెమార్ తడిబట్టలు మార్చుకోవడానికి ఇంటికి పోయాడు. ఓదిలా సగం నమిలిన పిట్టని ఒళ్లో పెట్టుకుని, మొగుడి పక్కన పీటమీద కూర్చుని ఈకలు పీకడం మొదలుపెట్టింది. నాలుగు ఈకలు పీకిందో లేదో చేతులు ఆగిపోయాయి. కళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి పిట్ట తన ఒళ్లో లేదు. హెబెర్ దాన్ని తొడల మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో, ఒక్కొక్క ఈకా పట్టుకుని లాగుతున్నాడు. సగం ఈకలు వస్తున్నాయి, సగం విరుగుతున్నాయి. నాలుక బయటపెట్టి, పసిపిల్లాడిలా దీక్షగా. ముప్పై ఏళ్లలో అతను ఈక పీకిన పిట్ట అదొక్కటే. ఓదిలా ఆపలేదు. చూస్తూ మళ్లీ నిద్రలోకి జారింది.

సాయంత్రం అదెమార్ వచ్చి తలుపు తోస్తే, లోపల ముగ్గురూ నిద్రలో ఉన్నారు; కుర్చీలో ఒకరు, పీటమీద ఒకరు, పట్టామీద ఒకరు. నేలంతా ఈకలు. పొయ్యిమీద గిన్నెలో రసం అడుగంటబోతోంది. లేచి ఎప్పుడు కాచిందో ఆమెకే గుర్తులేదని తర్వాత చెప్పింది. అదెమార్ గిన్నె దించి పక్కన పెట్టాడు. ఒక గరిటె తను తాగి, కట్టె ఒకటి పొయ్యిలోకి తోసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

కపితాన్ ఆ తర్వాత వేటకి పోలేదు. తలుపు కూడా గీకలేదు. ఆగస్టులో, ఎండ కాస్త గట్టిపడిన రోజుల్లో, హెబెర్ చెప్పులమీదే ప్రాణం వదిలాడు. అదెమార్ గొయ్యి తవ్వాడు. హెబెర్‌ని కుర్చీతో సహా బయటికి మోసుకెళ్లారు. మట్టి కప్పుతుంటే అతను, "కడుపు కాల," అన్నాడు, చాలా మెల్లగా. అది అంతకుముందు ఎప్పుడూ వినని తీరు. ఓదిలా అర్థం అడగలేదు. అర్థమైంది.

మరుసటి ఏడు మే నెలలో వేట తెరిచిన రోజు ఓదిలా లేవదలుచుకోలేదు. ఒక ఏడాది మానేస్తే ఏమవుతుందని పొయ్యి ముందే కూర్చుంది. బయట మోస్కా ఒకసారి మొరిగి ఊరుకుంది. దానికిప్పుడు కాస్త బుద్ధొచ్చింది, కాస్త మాత్రమే. హెబెర్ చేతికర్రతో ఆమె బూట్లు ఒకటొకటిగా నెట్టి, ఆమె కాళ్ల దగ్గరికి చేర్చాడు.

"అబ్బ, కూర్చున్నచోట కూర్చుని ఎంత పని చెబుతావయ్యా," అంది ఓదిలా.

బూట్లు తొడుక్కుంది. తాళ్లు కట్టుకోవడానికి వంగి, వంగినచోటే కాసేపు అలా ఉండిపోయింది, నడుం పట్టిందో, ఆలోచనో. తర్వాత తుపాకీ తీసుకుని, కుక్క గొలుసు విప్పి, ఎలాదియో గేటువైపు నడిచింది. ఆరోజు మూడు పిట్టలు లేచాయి. మూడూ తప్పాయి. నాలుగో దాన్ని మోస్కా లేపేసింది.